పటానికి అందని అడవి: ఉత్తర తెలంగాణ వృక్షవైవిధ్యం

ప్రపంచ జీవవైవిధ్య హాట్‌స్పాట్‌ల పటంలో ఉత్తర తెలంగాణకు చోటు లేదు. బ్రిటిష్ పర్యావరణ శాస్త్రవేత్త నార్మన్ మైయర్స్ 1988లో ప్రతిపాదించి, 2000లో సహచరులతో కలిసి ‘నేచర్’ పత్రికలో విస్తరించిన ఆ భావన ప్రకారం, ఒక ప్రాంతం హాట్‌స్పాట్ అనిపించుకోవాలంటే రెండు షరతులు నెరవేరాలి. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్కజాతులు, అంటే శాస్త్రజ్ఞులు స్థానీయ జాతులు అని పిలిచేవి, అక్కడ కనీసం 1,500 ఉండాలి. ఆ ప్రాంతపు తొలినాటి సహజ వృక్షసంపదలో 70 శాతమైనా ఇప్పటికే నశించి ఉండాలి. ఈ లెక్కన భారతదేశానికి నాలుగు హాట్‌స్పాట్‌లలో భాగం దక్కింది: హిమాలయాలు, శ్రీలంకతో కలిపి పడమటి కనుమలు, ఇండో-బర్మా ప్రాంతం, నికోబార్ దీవులు చేరిన సుందాలాండ్. ఆదిలాబాద్, కరీంనగర్ అడవులలో కనబడే టేకు, తునికి, ఇప్ప, నల్లమద్ది వంటి చెట్లు మధ్య భారతమంతటా విస్తరించినవే కాబట్టి, స్థానీయతను మాత్రమే కొలమానంగా తీసుకుంటే ఈ అడవులు ఎప్పటికీ ఆ జాబితాకు ఎక్కవు.

అయితే మైయర్స్ పటం ప్రపంచ స్థాయిలో నిధులు ఎక్కడ ఖర్చు చేయాలో తేల్చుకోవడానికి గీసినది. జన్నారంలోనో మహాదేవపూర్‌లోనో పనిచేసే అటవీ అధికారికి కావలసింది వేరొక పటం. తన పరిధిలోని అడవిలో ఏ లోయలో ఎక్కువ జాతులు కలిసి పెరుగుతున్నాయి, ఏ గుట్ట మీద అరుదైన మొక్క మిగిలి ఉంది, ఏ భాగం ముందుగా చెడిపోబోతోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే పటం అది. పరిశోధకులు ‘స్థానిక హాట్‌స్పాట్’ అని వ్యవహరించేది ఇటువంటి చోటునే. పొడి అడవిలో అది వందల చదరపు కిలోమీటర్ల భూభాగం కాకుండా, ఒక వాగు ఒడ్డో ఒక గుట్ట చరియో అయివుండే అవకాశమే ఎక్కువ.

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నేల స్వభావమే ఈ చిన్నచిన్న తేడాలకు మూలం. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోగా కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో చేరాయి. అడవి మాత్రం జిల్లా సరిహద్దులను కాక రాతిని అనుసరించి మారుతుంది. ఆదిలాబాద్ పశ్చిమ భాగంలో దక్కన్ లావా ప్రవాహాలు గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి, దాని మీద పత్తికి పేరుపడిన నల్లరేగడి ఉన్నాయి. గోదావరి, ప్రాణహిత నదుల వెంట బొగ్గుపొరలను కడుపులో దాచుకున్న గోండ్వానా ఇసుకరాయి సాగుతుంది. కరీంనగర్ వైపు ఎర్రనేలల మధ్య గ్రానైట్ గుట్టలు లేచి నిలుస్తాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఒకే నైరుతి వాన, ఒక్కో రాతి మీద ఒక్కో లోతు మట్టిలో ఇంకి, ఒక్కో రకం అడవిని పెంచుతుంది. అటవీ వర్గీకరణకు ఇప్పటికీ ప్రమాణంగా నిలిచిన 1968 నాటి ఛాంపియన్, సేఠ్ గ్రంథం ఈ అడవులలో అధిక భాగాన్ని దక్షిణ ఉష్ణమండల పొడి ఆకురాల్చు అడవుల తరగతిలో చేర్చింది. అంటే వేసవికి ముందే చాలా చెట్లు ఆకులు రాల్చి, నెలల తరబడి మోడులై నిలిచే అడవులన్నమాట.

ఈ ప్రాంతపు వృక్షజాలాన్ని నమోదు చేసే పని ఆలస్యంగా సాగడానికి చరిత్రలోనే కారణం ఉంది. 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడిన గాంబుల్, ఫిషర్‌ల మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం కోస్తా, రాయలసీమ మొక్కలను వివరంగా వర్ణించింది గాని, నిజాం పాలనలోని భూభాగం దాని పరిధిలోకి రాలేదు. నిజాం రాజ్యపు అటవీ వృక్షాల మీద పార్ట్రిడ్జ్ రాసిన పుస్తకం 1911లో వచ్చినా, అది ప్రధానంగా అటవీశాఖ అవసరాలకు ఉద్దేశించినది. ఆదిలాబాద్ జిల్లాకు ప్రత్యేకంగా ఒక వృక్షజాల గ్రంథం రావడానికి 1992 దాకా ఆగవలసి వచ్చింది, టి. పుల్లయ్య, పి.వి. ప్రసన్న, జి. ఓబులేసు దానిని రచించారు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఆ తరువాతి దశాబ్దాలలో గోదావరి లోయ అడవులలో చెట్ల కూర్పును కొలవడమే కాక, ఆదిలాబాద్‌లో లభించే కలపేతర అటవీ ఉత్పత్తుల వైవిధ్యంపై 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏ మొక్క ఈ ప్రాంతంలో ఉందో చెప్పే జాబితాలు ఈ విధంగా సమకూరాయి. ఏ మొక్క ఎక్కడ, ఎంత సంఖ్యలో ఉందో చెప్పే పటం తయారుకావడం దాని తరువాతి మెట్టు, అంతకంటె కష్టమైన మెట్టు కూడా.

ఈ రెండో పనిని జాతీయ స్థాయిలో చేపట్టినవి కేంద్ర అంతరిక్ష శాఖ, బయోటెక్నాలజీ శాఖ. ఈ రెండూ కలిసి నడిపిన ప్రాజెక్టులో డెహ్రాడూన్‌లోని భారతీయ దూరసంవేదన సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ముఖ్యపాత్ర వహించాయి. దాని ఫలితంగా దేశపు వృక్షసంపద రకాల కొత్త పటం 1:50,000 కొలతలో 2015లో వెలువడింది. దూరసంవేదన అంటే ఉపగ్రహంలోని కెమెరా నేల మీది నుంచి పరావర్తనమయ్యే కాంతిని వేర్వేరు తరంగదైర్ఘ్యాలలో నమోదు చేయడం. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బలంగా వెనక్కి పంపుతుంది కాబట్టి, ఆ రెండింటి నిష్పత్తిని బట్టి ఆకుల సాంద్రతను అంచనా కట్టవచ్చు. ఉపగ్రహ చిత్రం ఒక్కటే చాలదు గనుక, దేశవ్యాప్తంగా 15 వేలకు పైగా నమూనా స్థలాలలో పరిశోధకులు స్వయంగా మొక్కలను లెక్కించి, ఆ లెక్కలను చిత్రంతో జతపరిచారు.

ఆ ప్రాజెక్టు చివరకు తేల్చినది ‘జీవసంపన్నత సూచి’ అనే సంఖ్య. ఇందులో ఒక్క జాతుల సంఖ్యే కాక అనేక అంశాలు కలిసి ఉన్నాయి. ఎన్ని జాతులు ఉన్నాయి, వాటి సంఖ్య ఎంత సమంగా పంచబడి ఉంది అన్న రెండింటినీ ఒకే అంకెలో చెప్పే షానన్ సూచి అందులో ఒకటి. పది జాతులున్న రెండు అడవులలో ఒకచోట నూటికి తొంభై చెట్లు టేకే అయితే, మరోచోట పదీ దాదాపు సమానంగా ఉంటే, రెండో అడవికే ఈ సూచి ఎక్కువ విలువ ఇస్తుంది. దీనికి నేల ఎత్తుపల్లాల సంక్లిష్టత, ఆ పర్యావరణ వ్యవస్థ ఎంత అరుదైనది, అక్కడి మొక్కల ఆర్థిక విలువ ఎంత, అడవి ఎంతగా ముక్కలైంది, రోడ్లూ ఊళ్లూ ఎంత దగ్గరగా ఉన్నాయి అన్న అంశాలు జోడిస్తారు. పెద్ద అడవిని రోడ్లు, పొలాలు కోసుకుంటూ పోగా మిగిలిన తునకలలో అంచుల నిష్పత్తి పెరిగి, ఎండా గాలీ లోపలికి చొరబడి, నీడను కోరే మొక్కలు ముందుగా తప్పుకొంటాయి. అందుకే ముక్కలు కావడాన్ని ప్రత్యేకంగా కొలుస్తారు.

ఇంత శ్రమతో తయారైన పటం విలువైనదే, కాని దానిని చూసే కన్నుకు కొంత హెచ్చరిక అవసరం. భారత అటవీ సర్వే సంస్థ రెండేళ్లకొకసారి ప్రకటించే ‘అటవీ విస్తీర్ణం’ లెక్కలో, చెట్ల కొమ్మల కప్పు పది శాతానికి తగ్గకుండా ఉన్న ఒక హెక్టారు, ఆపై నేల అంతా చేరుతుంది. అది సహజ అడవా, నీలగిరి తోటా, మామిడి తోటా అన్న విచక్షణ ఆ నిర్వచనంలో లేదు. ఆకుపచ్చ రంగు పెరిగిందన్న వార్తను వృక్షవైవిధ్యం పెరిగిందన్న వార్తగా చదవడం పొరపాటు. ఏకజాతి టేకు తోట ఉపగ్రహానికి దట్టమైన అడవిగానే కనబడవచ్చు. ఆకురాలిన మిశ్రమ అడవి, అందులో వేగిస, జిట్రేగి, సోమి, బిల్లుడు, చిరుమాను కలగలిసి ఉన్నా, మార్చి నెల చిత్రంలో బంజరును తలపించవచ్చు. అందుకే నిపుణులు వానలు వెలిసిన తరువాతి చిత్రాన్ని, వేసవి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చదువుతారు.

ఆ వేసవి చిత్రంలోనే ఉత్తర తెలంగాణ అడవి తన రహస్యం చెబుతుంది. ఏప్రిల్‌లో కవ్వాల్ పులుల అభయారణ్యం మీదుగా తీసిన చిత్రంలో చుట్టూ గోధుమరంగు పరుచుకొని ఉండగా, కడెం నది, దానిలో కలిసే వాగుల వెంట సన్నని పచ్చని గీతలు మిగులుతాయి. నేలలోపలి తేమను వేరుతో అందుకొనే తెల్లమద్ది, నేరేడు, మామిడి ఆ గీతలను నిలబెడతాయి. వాటి నీడలో, తడిలో, పక్కనున్న ఎండు వాలులో బతకలేని ఫెర్న్‌లు, తీగలు, కొమ్మల మీద పెరిగే వాండా వంటి ఆర్కిడ్‌లు ఆశ్రయం పొందుతాయి. కుంటాల, పొచ్చెర జలపాతాల పరిసరాలు, కెరమెరి ఘాట్ల లోయలు, మహాదేవపూర్ వైపు గోదావరిలో కలిసే ఒర్రెలు ఇటువంటి చోట్లే.

కాని పటం గీసే పద్ధతి సరిగ్గా ఇటువంటి చోట్లనే జారవిడుస్తుంది. 1:50,000 పటంలో ముప్పై మీటర్ల వెడల్పున్న వాగు ఒడ్డు ఒక మిల్లీమీటరులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. దేశపటానికి వాడిన ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరం. ఒడ్డు పచ్చదనం, పక్కనున్న ఎండు వాలు, వాగు ఇసుక ఒకే చుక్కలో కలిసిపోవచ్చు. నేల మీది లెక్కింపులోనూ ఇదే ఇబ్బంది. తూర్పు కనుమల వృక్షవనరుల లెక్కింపులో అనుసరించిన పద్ధతి ప్రకారం ప్రాంతమంతా 6.25 కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో ఐదు మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు పొడవు గల పట్టీలో ఉన్న చెట్లన్నిటినీ లెక్కిస్తారు. గడి విస్తీర్ణం సుమారు 39 చదరపు కిలోమీటర్లు, పట్టీ అర హెక్టారు. అంటే గడిలో దాదాపు 7,800వ వంతు. సుమారు 892 చదరపు కిలోమీటర్ల కవ్వాల్ కోర్ ప్రాంతమంతా ఇటువంటి ఇరవై మూడు గళ్లలో ఇమిడిపోతుంది. పట్టీ టేకు వాలు మీదుగా పోతే గడి పేదది, వాగు దాటి పోతే గడి సంపన్నమైనది అవుతుంది. ఇది పద్ధతి లోపం కాదు. జిల్లాల మధ్య పోలికకు ఆ గడి చక్కగా సరిపోతుంది. కాని అదే పటాన్ని ఒక అటవీ బీట్‌లో ఏ వాగును కాపాడాలో తేల్చడానికి వాడితే తప్పుదారి పట్టక తప్పదు.

మరో ఇబ్బంది కాలానికి సంబంధించినది. పట్టీలలో సాధారణంగా నిర్ణీత చుట్టుకొలత దాటిన చెట్లనే లెక్కిస్తారు. పొడి అడవులలో మొక్కజాతులలో ఎక్కువ భాగం చెట్లు కావు, తొలకరితో మొలిచి దసరా, దీపావళి నాటికి విత్తనం రాల్చి కనుమరుగయ్యే గుల్మాలు, గడ్డిజాతులు. నేలవేము, నేలతాడి, నేలగుమ్మడి వంటి మందుమొక్కల ఉనికి ఎండాకాలపు సర్వేలో దాదాపు తెలియదు. దుంప కోసం తవ్వే మొక్కల విషయంలో ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆకుకోత తట్టుకొని మళ్లీ చిగురించే మొక్క లాగా అవి తేరుకోలేవు.

కరీంనగర్ గ్రానైట్ గుట్టల పరిస్థితి వేరు. వాటిలో చాలా భాగం రిజర్వు అడవి హద్దులకు బయట, రెవెన్యూ భూమిగా ఉండడంతో అటవీ పటంలో అసలు కనబడవు. బండల సందులలో తెల్లని బెరడుతో నిలిచే తపసి చెట్టు, సుగంధపు జిగురు ఇచ్చే అందుగు చెట్టు, ఎండకు ముడుచుకుపోయి తొలివానకు మళ్లీ విచ్చుకొనే సెలాజినెల్లా వంటి రాతిమొక్కలు అక్కడ బతుకుతాయి. ఈ గుట్టల రాయి విదేశాలకు ఎగుమతి అయ్యే ‘టాన్ బ్రౌన్’ గ్రానైట్‌గా వ్యాపారానికి అక్కరకు రావడంతో, క్వారీ ఒక గుట్టను తొలిచేసేసరికి ఆ రాతి మీది మొక్కల సముదాయం ఆనవాలు లేకుండా పోతుంది. అడవి నరికితే వేర్ల నుంచైనా తిరిగి చిగురిస్తుంది. తొలిచిన గుట్ట తిరిగి లేవదు. ఈ వరుసలో పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లాది ప్రత్యేక స్థానం. కోటగా ఎంత పేరుపొందిందో మందుమొక్కల గుట్టగా అంతే పేరుపొందిన ఈ కొండ, తరాలుగా వైద్యులకూ, వృక్షశాస్త్ర విద్యార్థులకూ పాఠశాలగా ఉంటూ వచ్చింది.

విలువను ఎలా తూచాలన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. అరుదైన జాతులకే ప్రాధాన్యం ఇస్తే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అపాయపు అంచుకు చేరినదిగా గుర్తించిన జిట్రేగి ముందు వస్తుంది. జీవనాధారాన్ని లెక్కిస్తే సర్వసాధారణమైన తునికి, ఇప్ప, మొర్రి ముందుకు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కల్లాలలో యాభై ఆకుల కట్టలుగా పేర్చే తునికాకు, నిర్మల్ నుంచి సిరిసిల్ల దాకా బీడీలు చుట్టే వేలాది మహిళల ఉపాధికి ముడిసరుకు. ఇప్పపువ్వు గోండు, కోలాం ఇళ్లలో తిండి, పండుగ, ఆదాయం మూడూ. నిర్మల్ కొయ్యబొమ్మలకు వాడే పొణికి చెట్టు ఈ రెండు కొలమానాల మధ్యన పడిపోతుంది. ప్రపంచ స్థాయిలో అది ఆందోళన కలిగించే జాతి కాకపోవచ్చు గాని, తేలికగా ఉండి చెక్కడానికి అనువైన ఆ కర్ర దొరకడం తగ్గిపోవడం బొమ్మల కళాకారులకు ఎప్పటి నుంచో ఉన్న బెంగ. ఒక కళ నిలబడాలంటే ఏ వాలులో పొణికి ఇంకా మిగిలి ఉందో చూపే పటం కావాలి. అటువంటి పటాన్ని హాట్‌స్పాట్ పటాలకంటె తక్కువదిగా చూడనవసరం లేదు.

ముప్పు పటం లేకుండా వైవిధ్య పటం సగమే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద శుభ్రం చేసేందుకు, తునికి కొత్త చిగురు కోసం పెట్టే నిప్పు ఫిబ్రవరి నుంచి మే వరకు నేలమంటలుగా పాకుతుంది. పెద్ద చెట్లు తట్టుకొన్నా మొలకలు తట్టుకోవు. కాలిన, మేసిన నేలను లాంటానా, హిప్టిస్, వయ్యారిభామ ఆక్రమిస్తాయి. కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు దశాబ్దాల పాటు ఆదిలాబాద్ అడవుల వెదురు తరలిపోయింది. వీటన్నిటికంటె వేగంగా భూరూపాన్ని మార్చింది కాళేశ్వరం ఎత్తిపోతల పథకం. దాని కోసం మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమిని మళ్లించారు. బదులుగా నాటే మొక్కలు విస్తీర్ణం లెక్కను సరిచేయగలవు గాని, గోదావరి ఒడ్డు అడవి స్థానంలో మరెక్కడో పెట్టిన తోట ఆ జాతుల కూర్పును తిరిగి తేలేదు.

పటం గీయడం శాస్త్రం, గీత ఎక్కడ ఆగాలన్నది రాజకీయం. 2025 మే 30న వెలువడిన జీవో 49 ద్వారా ప్రభుత్వం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లను, కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే పులుల దారి రక్షణ కోసం, కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. తమ హక్కులకు భంగం కలుగుతుందని ఆదివాసులు ఉద్యమించడంతో జులైలో దానిని నిలిపివేసింది. నిజాం కాలపు రిజర్వు హద్దులు గోండులను తమ పొలాల్లోనే ఆక్రమణదారులుగా మార్చిన తీరు, 1940లో జోడెఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం మరణంతో ముగిసిన తిరుగుబాటు మరచిపోని నేల ఇది. పులికి వందల చదరపు కిలోమీటర్ల దారి అవసరం కావచ్చు. మొక్కల విషయంలో అంత పెద్ద గీత అవసరమే రాదు. వాగు ఒడ్డు, జలపాతపు లోయ, రామగిరి వంటి గుట్ట చాలా వరకు ఎవరి పొలాన్నీ తాకకుండానే కాపాడదగినవి. చిన్నచిన్న స్థలాలను అనేకంగా గుర్తించి, ఒక్కొక్కదానికి ఆ ఊరి సమ్మతిని తీసుకోవడం ఒకే పెద్ద గీతకంటె ఆలస్యమైన పని కావచ్చు, కాని నిలిచే పని అదే.

అందుకు చట్టంలో దారి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ఆ ఊరి మొక్కలను, వాటి వాడుకను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. ఉపగ్రహానికి అందని వానాకాలపు గుల్మాలు, గడి పట్టీకి దొరకని వాగు ఒడ్డు, పొణికి మిగిలిన వాలు ఈ రిజిస్టరులోకి ఎక్కగలవు, రాసేవారు కోలాం, గోండు, నాయకపోడు పెద్దలను వెంటబెట్టుకొని అడవికి వెళితే. ఆఫీసులో కూర్చొని నకలు చేసిన జాబితాతో ఆ పని జరగదు. అదే చట్టంలోని 37వ సెక్షన్ స్థానిక సంస్థలను సంప్రదించి ఒక ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016లో ఆ హోదా పొందింది. రామగిరి ఖిల్లాకు అందుకు తగిన అర్హత ఉంది; పెద్దపల్లి జిల్లా గ్రామపంచాయతీలు తమ రిజిస్టర్లను సరిగా పూర్తిచేసి, తీర్మానం చేసి, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి పంపాలి.